బడి నుంచి ఫోన్

మాది రెంజల్ దగ్గర సర్కారు బడి. నిన్న ఎనిమిదో తరగతి శిరీష వాళ్లమ్మకు ఫోన్ చేసి, "రేపు ఒకసారి బడికి రా అక్కా" అని పెట్టేసిన. పిల్ల లెక్కల్ల మస్తు హుషారు. ఆ మాట తల్లికి ఎదురుగనే చెప్పాలనుకున్న.

ఈ రోజు పొద్దున బీడీలు చుట్టే చాట పక్కకు పెట్టి వచ్చిందామె. వెనక శిరీష. చెంప మీద వేళ్ల అచ్చులు.

"నిన్ననే నాలుగు తగిలించిన మేడం. ఏం జేసిందో ఎంత అడిగినా చెప్తలేదు. ఈ ఒక్కసారికి మాఫ్ చెయ్యుండ్రి."

"ఏం చెయ్యలేదక్కా. మంచిగ చదువుతున్నదని చెప్దామనే పిలిచిన."

ఆమె బిడ్డ చెంప దిక్కు చూసింది. శిరీష మాత్రం తల్లిని కాదు, నన్ను చూసింది.

పన్నెండేళ్ల నౌకరీల నిన్నటి దాంక, పిల్లలు తప్పు చేసినప్పుడు తప్ప ఏ ఇంటికీ ఫోన్ చెయ్యలే నేను. ఆ దెబ్బలు ఎవరు కొట్టినట్టో మీరే చెప్పుండ్రి.