మునెమ్మతో బేరం

కరోనా సర్దుమణిగిన మరుసటి ఏడాది నేను నాయుడుపేటలో ఒక చిన్న ఆసుపత్రి మేడ మీది గదిలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేసేదాన్ని. మాది కోవూరు. నాన్నది కిరాణా కొట్టు, మేనమామలది బట్టల కొట్టు. వస్తువును చూసి ధర అడిగి బేరమాడకుండా ఊరుకోవడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. ఆ జబ్బు నాకూ ఉంది. అది వైద్యానికి పనికొస్తుందని మాత్రం కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

మునెమ్మను చిట్టమూరు వైపు పల్లె నుంచి కోడలు పార్వతి తీసుకొచ్చింది. ముప్పై ఏళ్లుగా నాయుడుపేట మార్కెట్లో చేపలమ్మిన మనిషి. పక్షవాతం వచ్చింది. చెయ్యి తేరుకుంది కానీ మాట తేరుకోలేదు. మార్కెట్లో ఆమె కూర్చునే చోట తోటి ఆడవాళ్లు ఆమె పీట వేసి ఉంచారట. క్రిస్మస్ దాకా ఆగుతామని, ఆ తర్వాత ఆ చోటు ఇంకొకరిదని చెప్పారట. చేతిలో రెండు నెలల గడువుంది.

మనం ఒక మాట అనే ముందు లోపల చాలా పని జరుగుతుంది. ముందు భావం, దానికి తగిన పదం, ఆ పదంలోని శబ్దాల వరుస, చివరికి నోటి కదలిక. రెప్పపాటులో అయిపోతుంది కనుక మనకు తెలియదు. మునెమ్మకు భావం భద్రంగా ఉంది, పదానికి వెళ్లే దారే మూసుకుపోయింది. దీన్ని అఫేజియా అంటాం.

మూడు వారాలు బొమ్మల కార్డులు చూపించాను. గొడుగు, కుర్చీ, యాపిల్. చేప బొమ్మ చూపించి, ‘చే...’ అని మొదటి అక్షరం అందించాను. ఇలా అందించడాన్ని క్యూ అంటాం. ఆమె కార్డును అటూ ఇటూ తిప్పి బల్ల మీద బోర్లించింది. ‘చేప పేరు చెప్పలేదు’ అని ఫైల్లో రాశాను. ఆ కార్డు మీద ఉన్నది ఏ సముద్రంలోనూ లేని చేప అని నాకు తట్టలేదు.

ఒకరోజు పార్వతి నాకోసం సంచిలో ఒక చేప తెచ్చి బల్ల మీద పెట్టింది. ఊరికే ఇస్తున్నారని తెలుసు. అయినా నా నోరు ఊరుకుంటుందా? మెత్తబడిపోయినట్టుందే, చవకరకం కానాగంతల ధరకైతే తీసుకుంటానన్నాను.

మునెమ్మ లేచింది. బొటనవేలితో మొప్ప ఎత్తి ఎర్రదనం నా ముఖం ముందు పెట్టింది.

“పొద్దున... పొద్దున పట్టింది. వంజరం. కానాగంత గాదు. పో... పోమ్మా.”

పార్వతి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మర్నాడు అదే చేప ఫొటో చూపించి పేరడిగితే దాన్నీ బల్ల మీద బోర్లించింది. అప్పుడు అర్థమైంది. ప్రశ్నకు రాని మాట పోట్లాటకు వస్తోంది. కార్డులు బీరువాలో పడేసి, వారానికి మూడు రోజులు, పార్వతి తెచ్చే చేపల ముందు కొనడానికొచ్చిన దానిలా కూర్చున్నాను. చందువా చేపకు వంక పెట్టాను, రొయ్యలు చిన్నవన్నాను. ఎవరు ఎవరిని కొడుతున్నారోనని పక్కగది ఫిజియోథెరపిస్టు రెండుసార్లు పరిగెత్తుకొచ్చాడు.

మాట తడుముకున్నప్పుడు మొప్ప ఎత్తినట్టు వేలు కదిలించమనేదాన్ని. కదిలిస్తే పదం వచ్చేది. తర్వాత చేప తీసేశాను, వేలొక్కటే మిగిలింది. కొన్ని రోజులకు వేలూ అక్కర్లేకపోయింది. ఒకసారి ఎంత వెతికినా పేరు దొరక్క ఏడ్చింది కూడా. నేను ఓదార్చకుండా ధర ఇంకా తగ్గించాను. కళ్లు తుడుచుకుని తిట్టింది. ఆ తిట్టులో నాలుగు మాటలున్నాయి, నాలుగూ వరుసలో ఉన్నాయి.

క్రిస్మస్ ముందు వారం మార్కెట్‌కి వెళ్లాను. మునెమ్మ తన పీట మీదే ఉంది. నేను జాలిపడలేదు. మొప్ప చూశాను, పెదవి విరిచాను, రెండుసార్లు వెళ్లిపోయినట్టు నటించాను.

“ఏందమ్మా, నీ గదిలో అయితే నువ్వు చెప్పినట్టు విన్నా. ఇది నా గది. తీసుకుంటే తీసుకో, లేకుంటే జరుగు, వెనకాల మనుషులుండారు.”

పక్కనున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. చెప్పిన ధరకు రూపాయి తగ్గకుండా ఇచ్చి, తల దించుకుని వచ్చేశాను. నా జన్మలో అదే మొదటిసారి.

‘ఇదేమిటి’ అని అడిగితే చెప్పడానికి లోకంలో ఎవరూ మాటలు దాచుకోరని ఆమె దగ్గర నేర్చుకున్నాను. మాట ఒక పనికోసం వస్తుంది. ఆ పనేమిటో తెలుసుకున్నాకే ఇప్పుడు ఏ రోగి ముందైనా కూర్చుంటున్నాను.

ఇంటికి రాగానే, కోవూరు నుంచి వచ్చి ఉన్న అమ్మ చేప చూసి, ఎంతకిచ్చిందని అడిగింది. ఆ ఒక్కరోజు నాకే నోట మాట రాలేదు.