పేరు లేని వెదురు

పోయిన వారం డ్రైక్లీనింగ్‌కిచ్చిన చీర తెచ్చుకుందామని బ్రాడీపేట వెళ్లాను. కొట్టతను వెనక బీరువా తలుపు తీయగానే కలరా ఉండల వాసన, దాంతో కలిసి పాత న్యూస్‌పేపరు వాసన గుప్పున వచ్చాయి. మరక పోయిందో లేదో చూసుకోమని అతను చీర మడత విప్పి చూపిస్తున్నాడు. నా ధ్యాస చీర మీద లేదు. బయటికొచ్చి, ఆటో పిలవకుండా కాసేపు అలాగే నిలబడిపోయాను. ఆ రెండు వాసనలూ కలిసి ఉండే గది నాకు ఒక్కటే తెలుసు. మేం డిగ్రీ చదివిన కాలేజీలో, బోటనీ ల్యాబ్ వెనక, మస్తాన్‌వలి మాస్టారి గది. ఇప్పుడా గదీ లేదు, ఆయనా లేరు.

తొంభైల చివర మాకు బోటనీ చెప్పిన లెక్చరర్ ఆయన. పిల్లలు చాటుగా గడ్డి మాస్టారు అనేవాళ్లు. ఆయనకు తెలుసు, పట్టించుకునేవారు కాదు. పూలమొక్కలకూ మందు మొక్కలకూ చాలామంది ఉన్నారు, మిరప చేల మధ్య గట్ల మీద మొలిచే గడ్డికి ఎవరూ లేరు కాబట్టి ఆ పని తను పెట్టుకున్నానని చెప్పేవారు. సెలవొస్తే బస్సెక్కి పిడుగురాళ్ల వైపో వినుకొండ వైపో పోయి గడ్డి కోసుకొచ్చేవారు. దాన్ని పేపర్ల మధ్య అదిమి ఆరబెట్టి, అట్ట మీద కుట్టి, కింద చీటీ అంటించేవారు. ఏ ఊరు, ఎలాంటి నేల, అక్కడివాళ్లు ఏ పేరుతో పిలుస్తారు, ఆ పేరు చెప్పింది ఎవరు. ఈ చివరిది ఏ పుస్తకమూ అడగదు, కానీ ఆయన రాసేవారు.

మొదటి క్లాసులో నన్ను పిలిచి, కళ్లు మూసుకోమని, చేతికి రెండు కాడలిచ్చి వేళ్ల మధ్య దొర్లించమన్నారు. ఒకటి సులువుగా తిరిగింది, రెండోది పట్టుకున్నట్టు ఆగిపోయింది. "తిరిగింది గడ్డి. ఆగింది తుంగ, దానికి మూడు అంచులుంటాయి. ఊళ్లో రెండిటినీ గడ్డే అంటారు. మనం అనకూడదు," అన్నారు. తర్వాత బోర్డు దగ్గరున్న వెదురు కర్ర తీసి బల్ల మీద పెట్టి, పక్కన ఒక గరికపోచ పెట్టారు. ఈ రెండూ ఒకే కుటుంబమనేసరికి క్లాసంతా నవ్వింది. నవ్వు ఆగేదాకా ఉండి, కణుపులు చూపించారు, కణుపు దగ్గర కాండాన్ని చుట్టుకున్న ఆకు తొడుగు చూపించారు, తొడుగూ ఆకూ కలిసేచోట లోపలివైపు ఉండే సన్నటి పొర చూపించారు. దాన్ని నాలుక అంటారట. గడ్డి పువ్వులో మామూలుగా మూడు కేసరాలుంటాయని, ఈ వెదురుకు మాత్రం ఆరుంటాయని, మనం తినే వరికీ ఆరేనని చెప్పారు.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. డాక్టరు సీటు రాక బోటనీలో చేరినదాన్ని, ఆ చదువంటే సిగ్గుగా ఉండేది. మాది వ్యవసాయమని తెలిసి మాస్టారు ఒకరోజు, వరి నాట్లలో కలుపుగా మొలిచే ఊదను మీ అమ్మ ఎలా గుర్తుపడుతుందని అడిగారు. తెలియదన్నాను. అడిగి రమ్మన్నారు. అమ్మ నవ్వి, పట్టుకుంటే తెలిసిపోతుంది, ఊద మెడ దగ్గర నున్నగా ఉంటుందని చెప్పింది. అదే మాట వచ్చి చెబితే, మాస్టారు రెండు పిలకలు తెచ్చి భూతద్దం నా చేతికిచ్చారు. వరికి నాలుక ఉంది, ఊదకు లేదు. ఆ ఊద పిలకను అట్ట మీద కుట్టి, చెప్పినవారు అన్నచోట మా అమ్మ పేరు రాశారు. చదవడం రాని మా అమ్మ ఆ సంగతి విని, తన పేరు ఎలా ఉంటుందో రాసి చూపించమంది. నేను ఆయన మనిషిని అయిపోయింది అప్పుడే.

అట్టలన్నిటికీ విడిగా ఒక లావుపాటి ఫైలుండేది. వినుకొండ అవతల ఒక వాగు గట్టు మీద ఒంటరిగా ఉన్న వెదురు పొదది. దాన్ని ఆయనకు చూపించింది సామ్రాజ్యం. ఆమె ఆ ఊళ్లో గంపలు, చేటలు అల్లుకుని బతికేది. ఈ వెదురు అడవి వెదురులా తిన్నగా చీలదని, బద్ద పక్కకు పోతుందని ఆమె చెప్పిందట. మాస్టారు పరీక్షగా చూస్తే కణుపు తొడుగు మీది నూగు కూడా వేరుగా ఉంది. అప్పట్నుంచి ఏటా వెళ్లేవారు. తొడుగులు, ఆకులు, దుంప ముక్కలు అన్నీ ఫైల్లో ఉన్నాయి. పువ్వు లేదు.

"ఆకు నేలను బట్టి మారుతుందమ్మా. పువ్వు మారదు. పువ్వు చూడకుండా దీనికి పేరు పెట్టకూడదు," అనేవారు. అది ముప్పై నలభై ఏళ్లకోసారి పూస్తుంది, పూసి గింజ రాల్చి పొదంతా చచ్చిపోతుంది. ఈలోగా మీరు రిటైరైపోతే ఎలాగండీ అని అడిగాను. "నువ్వుంటావుగా," అన్నారు.

నేను చదువు ముగించిన కొన్నాళ్లకు కాలేజీలో బోటనీ ఎత్తేశారు. చేరేవాళ్లు లేరు. ల్యాబ్‌లోకి కంప్యూటర్లు వచ్చాయి, అట్టలన్నీ వరండాలోకి వచ్చాయి. అవి వానాకాలం రోజులు. తడవగా మిగిలినవి మాస్టారూ నేనూ రిక్షాలో ఆయన ఇంటికి చేర్చాం. ఎక్కడెక్కడికో ఉత్తరాలు రాశారు. చోటు లేదన్నవాళ్లున్నారు, జవాబివ్వనివాళ్లున్నారు. ఇంట్లో గోడవారగా పెట్టినవాటికి చెద పట్టింది. రిటైరైన ఏడాదే ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. నేనప్పటికే బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పడానికి చేరిపోయాను.

ఎంట్రన్సు పరీక్షల ముందు రోజులు. ఒక మంగళవారం సామ్రాజ్యం, మాస్టారు ఎప్పుడో ఇచ్చిన నంబరు పట్టుకుని, ఎస్టీడీ బూత్ నుంచి కోచింగ్ సెంటర్‌కి ఫోన్ చేసింది. "ఎదురు పూసిందమ్మా. రైతు కొట్టేయిస్తానంటన్నాడు. మాస్టారికి చెప్పి తొందరగా రండి." ఆ సాయంత్రమే వెళ్లి చెప్పాను. మాస్టారు మంచం మీంచి లేవబోయి లేవలేకపోయారు. నన్ను వెళ్లమన్నారు. నాలుగు పూల కంకులు చాలన్నారు, అవి పాడవకుండా వేసి తేవడానికి స్పిరిట్ సీసా ఎక్కడుందో చెప్పారు. ఆదివారం వెళతానన్నాను.

"రేపు వీలవదా అమ్మా?" అన్నారు.

సెలవు ఇవ్వరండీ అన్నాను. నేను సెలవు అడగనేలేదు. వినుకొండ దాకా బస్సు, అక్కణ్ణుంచి నడక, ఆ ఎండ, అన్నీ తలుచుకుని బద్ధకించాను. ముప్పై ఏళ్లు ఆగిన పొద నాలుగు రోజులు ఆగదా అనుకున్నాను.

ఆదివారం వెళ్లేసరికి గట్టు మీద మోళ్లున్నాయి. పక్కన కాల్చిన బూడిద. ఆ రైతు చెడ్డవాడు కాదు. రెండేళ్లుగా వాన లేక మిరప ఎండిపోయింది, వెదురు పూస్తే కరువని అందరూ అంటుంటే దాన్ని పొలం పక్కన ఉంచుకోలేకపోయాడు. మోకాళ్ల మీద కూర్చుని బూడిదంతా వెతికాను. నలిగిన పొట్టు తప్ప పువ్వన్నది దొరకలేదు. సామ్రాజ్యం పక్కనే నిలబడింది. "రెండు రోజులు బతిమాలి ఆపానమ్మా. కోసిపెట్టమని ఫోన్లో ఒక్క మాటంటే నేనే కోసిపెట్టేదాన్ని గదా," అంది. ఆ మాట నాకు తట్టనే లేదు.

తిరిగొచ్చి జరిగింది మాస్టారికి చెప్పాను. ఫైలు తెమ్మన్నారు. ఆయన చెయ్యి రాదు కాబట్టి నన్నే రాయమన్నారు. పూసింది, నమూనా దొరకలేదు, అని రాశాను. చూసినవారు అన్నచోట ఆగాను. "సామ్రాజ్యం చూసింది. ఆమె పేరు రాయి," అన్నారు. రాశాను. ఆ తర్వాత ఆయన ఆ ఫైలు అడగలేదు, ఏ గడ్డి గురించీ మాట్లాడలేదు. ఆ ఎండాకాలం దాటకుండానే పోయారు.

తొలి వానలకు మళ్లీ ఆ వాగు గట్టుకు వెళ్లాను. నరికేలోపు గింజలేమైనా రాలి ఉంటాయని ఆశ. గట్టంతా పచ్చగా పోచలు లేచి ఉన్నాయి. మొలిచిన మొదట్లో వెదురు పిల్ల మామూలు గడ్డిపోచలాగే ఉంటుంది. భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూశాను. సన్నటి ఆకులు, తొడుగులు, నాలుకలు. ఏది వెదురో, ఏది కాదో నాకు తెలియలేదు. ఇంకో నెలాగితే తేడా తెలుస్తుందని వదిలేసి వచ్చాను. నెల తర్వాత వెళితే ట్రాక్టరుతో గట్టు కలిపి దున్నేసి, పత్తి పెట్టారు.

ఇప్పుడు నా క్లాసులో గడ్డి కుటుంబం ఒక పేజీ. పరీక్షలో ఒక ప్రశ్న వస్తే వస్తుంది, లేకపోతే లేదు. పిల్లలకు జవాబు చెప్పి ముందుకు పోతాను. కానీ ఏటా వానలు మొదలయ్యాక ఎక్కడైనా గట్టు మీద లేత పోచలు కనిపిస్తే కాళ్లు ఆగిపోతాయి. వంగి ఒకటి తుంచి, తొడుగు విప్పి, అది వెదురు పిల్లేమోనని చూస్తాను. తెలియదు. చెప్పగలిగిన ఒక్క మనిషినీ ఆదివారం దాకా ఆగమన్నదాన్ని నేనే.