చిట్టెంలో భాస్వరం ఏరిన అప్పలస్వామి గారు

మన తెలుగు సంఘం పత్రికకు నేను ఇంతకుముందు మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కటీ అచ్చు కాలేదు, ఒక్కదానికీ జవాబు రాలేదు. ఇది నాలుగోది. చనిపోయిన మనిషి గురించి కనక ఈసారైనా వేస్తారనుకుంటున్నాను. పొట్నూరు అప్పలస్వామి గారు పోయిన నెల కన్నుమూశారు. ఆయనకు మన పత్రిక ఇచ్చింది ఒక్క వాక్యం. అందులో ఉన్నది 'ప్లాంటు మాజీ ఉద్యోగి' అన్న మూడు మాటలే. మిగతాది నేను రాస్తాను.

ఆయన పోయిన ఉదయం, నేను వదిన అని పిలిచే ఆయన భార్య ఫోన్ చేసి, "మూర్తీ, మీ అన్నయ్య లెగట్లేదు" అంది. ముందురోజు సాయంత్రమే మడిగట్టు మీద కూర్చుని, పైరు కొలత తప్పు రాశానని నన్ను చీవాట్లు పెట్టిన మనిషి. మా సెక్టర్ 2 నుంచి ఆయన ఉండే మరోదా దాకా సైకిలు తొక్కుతున్నంతసేపూ నేను ఆ మాట నమ్మలేదు. గుమ్మం ముందు చెప్పుల గుంపు చూశాక నమ్మక తప్పలేదు.

మేమిద్దరం ఉక్కు ప్రయోగశాలలో పనిచేశాం. పని నేర్పింది ఆయనే. ఉక్కుకు భాస్వరం శత్రువు. అది ఎక్కువైతే ఉక్కు పెళుసెక్కి విరుగుతుంది. అందుకే కరిగిన లోహంలో సున్నం వేసి దాన్ని తరిమేస్తారు. తరిమిన భాస్వరం లోహం మీద తేలే మడ్డిలో, అంటే చిట్టెంలో చేరుతుంది, చిట్టెం గుట్టకు చేరుతుంది. నమూనాలో భాస్వరం తక్కువ వస్తే మాకు ఆ రోజు గెలుపే. ఉద్యోగమంతా మా కళ్లు ఆ 'తక్కువ' కోసమే వెతికాయి.

ఆ అలవాటే నాచేత ఒక తప్పు చేయించింది. నేను రిటైరైన ఏడాది, మాకు పాలు పోసే దుకాలూ అనే రైతు తన పొలం మట్టి పరీక్ష కాగితం తెచ్చి చదివిపెట్టమన్నాడు. అతని ఊరు చరోదా అవతల, ఎర్ర కంకర నేల, ఇక్కడివాళ్లు భాటా అంటారు. నేను కాగితం చూసి, "భాస్వరం బాగా తక్కువ. బఢియా హై, ఫికర్ మత్ కరో" అని ధైర్యం చెప్పాను. అతను సంతోషంగా వెళ్లిపోయాడు. సాయంత్రం ఈ సంగతి చెబితే అన్నయ్య టీ గ్లాసు కింద పెట్టేశారు.

"ఏటీ, బాగుందన్నావా? అదేటి, రైలు పట్టా అనుకున్నావేటిరా? వరికి అదే కదా తిండి. అది లేకపోతే వేరు పట్టదు, గింజ నిండదు. నడు, ఇప్పుడే ఎళ్లి చెప్పాలి."

ఇద్దరం సైకిళ్ల మీద వెళ్లాం. దుకాలూ ఇంట్లో లేడు, ఎరువులమ్మే సొసైటీ దగ్గర ఉన్నాడు. భాస్వరం ఎరువైన డీఏపీ బస్తాల కోసం మనుషులు నీడన కూర్చుని, తమ వంతుకు గుర్తుగా చెప్పులు వరసలో పెట్టారు. ఎరువు తెచ్చే ఓడ ఇంకా రేవుకు రాలేదట. నేను తప్పు ఒప్పుకుంటే దుకాలూ నవ్వి, "మీ మాట వింటే నా పొలంలో పట్టాలే మొలిచేవి సాబ్" అని హిందీలో అన్నాడు. అన్నయ్య నవ్వలేదు. ఆ చెప్పుల వరసనే చూస్తున్నారు.

తిరిగొస్తుంటే దారిలో ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోలేదు. "యూరియాకి గాలుంది, గాల్లో నత్రజని పట్టి చేస్తారు. భాస్వరానికి గాలి లేదు, ఫ్యాక్టరీ లేదు. ఎక్కడో ఎడారిలో రాయి తవ్వాలి, లేకపోతే పారేసింది ఏరుకోవాలి. మనం పారేసినోళ్లం. ఏరాల్సిందీ మనమే."

ఆ మాట ఆయన అక్కడే వదిలేయలేదు. రోడ్డు పనికి తెచ్చిన చిట్టెంలో రెండు బకెట్లు కాంట్రాక్టరును అడిగి తెచ్చారు. వదిన రోట్లో దంచి, పాత నూలు చీరతో జల్లించింది. సంఘం హాలు వెనక ఎవరూ పట్టించుకోని జాగాలో దుకాలూ పొలం మట్టి పోసి ఆరు మడులు కట్టారు. రెండింటికి ఏమీ లేదు, రెండింటికి సూపర్ ఫాస్ఫేట్, రెండింటికి చిట్టెం పొడి. మొదటి ఏడు పొడి ఎక్కువై నారు పసుపుపచ్చగా మారింది. 'తప్పు నాదే' అని పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నారు. తరవాతి పంటల్లో చిట్టెం మడుల కంకులు ఉత్త మడుల కంకుల కంటే బరువు తూగాయి. సూపర్ మడులను మాత్రం ఎన్నడూ దాటలేదు. అదీ రాశారు. "ఇది డీఏపీకి బదులు కాదు. కొంచెమే. ఆ కొంచెం మాత్రం ఓడ ఎక్కి రానక్కర్లేదు" అనేవారు.

ఆ వడ్లలో ఒక్క గింజ ఎవరినీ తిననివ్వలేదు. చిట్టెంలోంచి ఇంకే లోహాలు గింజలోకి వస్తాయో పరీక్షించమని ఒక ఆఫీసుకు ఏటా రాశారు. జవాబు లేదు. గింజలు డబ్బాల్లో మూతలు బిగించుకుని ఉన్నాయి.

ఈ ఏడు ఏడో పంట. ఈసారి ఏ మడికీ ఏమీ వేయలేదు. వేసిన భాస్వరం నేలలో ఎన్నాళ్లు నిలిచి పైరును ఆదుకుంటుందో చూడాలన్నారు. ఆ జవాబు కోతలో తేలుతుంది. ఇప్పుడు వరి పొట్ట మీద ఉంది.

సంతాప సభలో అధ్యక్షులవారు, "చిట్టెం స్వామి గారు సరదా మనిషి" అన్నారు. కొందరు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు తెలుసు. నేను మాట్లాడదామని లేస్తే, టైమైపోయిందని మైకు తీసేశారు. అదే మైకులో, హాలు వెనక జాగా ఈ నెలలోనే చదును చేసి సిమెంటు వేయిస్తామని ప్రకటించారు. షామియానాకు చోటు చాలడం లేదట.

వదిన ఆ మాట విని ఏడవలేదు. మడుల లెక్కల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. "కోసీ తూచీ రాయి మూర్తీ. ఆ ఒక్క పేజీ ఖాళీగుంది. తరవాత ఆళ్లు సిమెంటే ఏసుకుంటారో, పందిరే ఏసుకుంటారో ఆళ్ల ఇష్టం" అంది.

ఉక్కులోంచి భాస్వరాన్ని తరమడం తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఇంకా చాలామంది ఉన్నారు. తరిమింది ఎటు పోయిందని వెనక్కి తిరిగి చూసిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆయన స్థానంలో నిలబడే చదువు నాకు లేదు. మడిగట్టు మీద నిలబడే మొండితనం ఉంది. సిమెంటు లారీ వచ్చిన రోజు నేను అక్కడే ఉంటాను.

అధ్యక్షులవారికీ, కార్యవర్గానికీ నా ప్రశ్న ఒక్కటే. కోత అయ్యేదాకా ఆగుతారా, ఆగరా? ఈసారి నవ్వు సరిపోదు. కాగితం మీద, సంతకంతో, కంకి వంగేలోపు జవాబు చెప్పండి.