ఒంటిచెవి పాట

విత్తనాల కంపెనీ తరఫున మదనపల్లె నుంచి కుప్పం దాకా అంగళ్లు తిరిగే ఉద్యోగం నాది. ఇల్లు పుంగనూరులో. పొద్దంతా మాట్లాడి మాట్లాడి నోరు ఎండిపోయేది. ఇంటికి వచ్చే బస్సులోనైనా ఎవరూ నన్ను పలకరించకూడదని బెంగళూరులో ఒక ఎంపీత్రీ ప్లేయర్, చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు కొన్నాను.

మా వైపు బస్సుల్లో తినేది ఏది బయటికి తీసినా పక్కవాళ్లకు పెట్టకుండా నోట్లో వేసుకోరు. చెనక్కాయలకు ఉన్న ఆ పద్ధతే నా పాటలకూ వచ్చిపడింది. "ఒకటి ఇట్టా ఈయప్పా, నేనూ వింటాను" అని పక్క సీటు మనిషి చేయి చాపేవాడు. కాదనే ఓపిక నాకు ఉండేది కాదు. పాత పాటల్లో గొంతు ఒక చెవికి, వాయిద్యాలు ఒక చెవికి వచ్చేవి. గొంతు వాళ్లకు పోయేది, తబలా నాకు మిగిలేది. పైగా "ఈ పాట బాగలేదు, మార్చప్పా" అని హుకుం ఒకటి.

ఒక సాయంత్రం కుప్పం నుంచి వస్తుంటే పక్క సీటు ఖాళీగా దొరికింది. రెండూ చెవుల్లో పెట్టుకున్నాను. ఎన్నాళ్లకో పాట మొత్తం వినబడింది. ఆ సుఖానికి నిద్ర పట్టేసింది. కళ్లు తెరిస్తే మదనపల్లె బస్టాండు.

"రోజూ పుంగనూరులో దిగేవాణ్ణి కదా, లేపొద్దా?" అని కండక్టరు మీద విరుచుకుపడ్డాను.

"ఎప్పుడూ పక్కనోళ్లు లేపుతా ఉండ్రి కదప్పా. ఈ పొద్దు రెండు చెవులూ మూసుకొని ఉండావు. ఎవురూ పలకరించొద్దని అనుకుంటాండావేమోనని నేనూ ఊరుకుంటిని" అన్నాడు.