కోటగిరి దిక్కున ఒక్క కడాయి చెరకు

ముప్పైల దశకం చివర్లో, దసరా వెళ్లిన వారానికి, నన్ను నిజామాబాదు నుంచి బోధన్ దిక్కున ఒక చక్కెర మిల్లుకు చెరకు ఇన్‌స్పెక్టరుగా వేశారు. నౌకరీ తాత్కాలికం. గానుగ కాలం మొదలయ్యేలోపు కోటగిరి పక్కన ఒక ఊరి చెరకంతా మిల్లుకు రాయిస్తే ఖాయం, లేకుంటే ఇంటికి. రాయించడమంటే ఇకరార్‌నామా, అంటే ఒప్పందపత్రం మీద రైతు వేలిముద్ర వేయించడం. రాసిచ్చిన మడిలో ప్రతి గడా మిల్లుకే రావాలి.

ఆ ఊరి పెద్దరైతు గంగారెడ్డి. ఆయన మీసాల్లో రెండు పిచ్చుకలు కాపురం పెట్టినా ఆయనకు తెలిసేది కాదు. ఆయన వేలు పడితే ఊరందరి వేళ్లూ పడతాయి. ఆ ఒక్క వేలు కోసం తిరిగిన తిరుగుడుకు నా సైకిలు చక్రాలు అరిగి రూపాయి బిళ్లలంత అయ్యాయి. ఇంట్లో బెల్లం వండుకునేదానికన్నా మిల్లుకు తోలితేనే లాభమని లెక్క చెప్పాను. విని, మెచ్చుకొని, మజ్జిగ పోసి, "ఎద్దు కుంటుతాంది సాబ్" అన్నాడు. మిల్లు బండ్లు పంపిస్తానన్నాను. తొవ్వ బాగలేదన్నాడు. మొరం పోయిస్తానన్నాను. వెంటనే ఆయనకు పంటినొప్పి మొదలైంది.

మా సూపరింటెండెంటు హైదరాబాదు పెద్దమనిషి. ఆయన షేర్వానీ ఇస్త్రీ మడతతో చెరకు కోయొచ్చు. నా గోడంతా విని, తీర్చినకొద్దీ కొత్త కారణం పుడుతోందంటే అసలుది ఇంకా బయటికి రాలేదనీ, ఆ ఇంట్లో ఇంకెవరిని అడిగావనీ అన్నాడు. నేనెవరినీ అడగలేదు.

మరునాడు గంగారెడ్డి ముందే ఆయన భార్య రాజవ్వను అడిగాను. ఆయన పంటినొప్పి ఈ చెంప నుంచి ఆ చెంపకు మారింది.

"గిన్నొద్దులకు నన్నడిగినవా సారూ?" అన్నది రాజవ్వ. "బెల్లం వండేనాడు ఊరంత మా పొయ్యి కాడికొస్తది. బాలింతలకు, ముసలోళ్లకు, మాతోని మాటల్లేనోళ్లకు సుత ఆకుల పెట్టి నేనే ఇస్త. చెరుకంత మీకు తోలితే పైసలు ఈయన నడుముకెక్కుతయ్. నేనేం పంచాలె? మీ మిల్లు కాటా తూకం చీటీలిచ్చి నాకుండ్రి అనాల్నా?"

"ఈమెను కాదని వేలేస్తే నాకు బువ్వెవలు పెడ్తరు సాబ్?" అన్నాడు గంగారెడ్డి.

ఎంత చెరకైతే చాలని అడిగాను.

"ఒక్క కడాయి బెల్లమయ్యేంత. మిగిలింది నీ మిల్లుకే తోల్కపో."

పలకనివాళ్లకూ తీపి పెట్టే ఆ చేతి ముందు నా లెక్కలన్నీ చప్పబడ్డాయి. అయితే ఒప్పందంలో అందుకు చోటు లేదు. సంగతి చెబితే సూపరింటెండెంటు నవ్వలేదు. ఇంటికొక కడాయి చెరకు విడిచిపెట్టాలని తన చేత్తోనే పత్రంలో చేర్చి, పైవాళ్లకు తానే జవాబు చెప్పుకుంటానన్నాడు. నిబంధన అమలు చేయించాల్సినవాడికే దాన్ని వంచే ధైర్యం ఉండటం నా సర్వీసులో మళ్లీ చూడలేదు.

రాజవ్వే మొగుడి బొటనవేలు పట్టుకొని సిరాలో ముంచింది. మోచేయి దాకా మునిగిందని నా లెక్క. పొద్దు గుంకేలోపు ఊరంతా వేళ్లు వేసింది. నా నౌకరీ ఖాయమైంది.

ఆ తరువాత ఏ ఊరికి పోయినా, లాభం ఎంతో చెప్పే ముందు ఒకటి కనుక్కునేవాణ్ణి: ఈ ఇల్లు సరేనంటే ఎవరి చేతిలోది పోతుందని. మనిషి నోటితో చెప్పే కారణం మర్యాదకు. కదిలించే కారణం మాత్రం ఆ చేతిలో ఉంటుంది.