ఏడెకరాల్లో ఎక్కడైనా

మిరప లారీలు దిగే కాలంలో జగ్గయ్యపేట లైబ్రరీ కిటికీలు మూసినా ఆ ఘాటు లోపలికి వస్తుంది. నిన్న సాయంత్రం బీజగణితం పుస్తకం ముందేసుకుని కూర్చుంటే గొంతులో తగిలి దగ్గు వచ్చింది. దగ్గుతోపాటే విశ్వనాథంగారు గుర్తొచ్చారు. ఆయన నందిగామలో ప్లీడరు. మిరపకాయల గోడౌను వెనక ఉన్న ఆయన ఆఫీసులో కొన్నేళ్ళు టైపు చేశాను. పదో తరగతితో చదువు ఆగిపోయిన నాకు ఈ లైబ్రరీయే కాలేజీ. ఇక్కడి పుస్తకాలు బస్సులో చదువుకుంటూ పనికి వెళ్ళేదాన్ని. ఆయన లా కంటే ముందు లెక్కల్లో డిగ్రీ చేసిన మనిషి కాబట్టి, నా చేతిలో పుస్తకం చూసి రోజూ "ఎందాకా వచ్చావమ్మాయ్?" అని అడిగేవారు. మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అడగని ప్రశ్న అది.

ఒకరోజు రమణమ్మ అనే ఆమె వచ్చింది. భర్త పోయాడు. ఆయన చేనూ, బావగారు కోటయ్య చేనూ పక్కపక్కనే. మామగారు నోటిమాటగా పంచి ఇచ్చాడు. రెండూ చాలా ఏళ్ళు ఒకే కౌలు రైతు చేతిలో ఉన్నాయి. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని అతను మధ్య గట్టు దున్నేశాడు. సర్వే నంబరు ఒక్కటే కాబట్టి లోపలి హద్దు ఏ కాగితంలోనూ లేదు. ఇప్పుడు కోటయ్య తన వాటా పెద్దదంటున్నాడు.

"నాకున్నది ఆ పొలం చెక్క ఒక్కటేనండీ. అది తగ్గితే పిల్లలతో ఎట్టా బతకను?" అంది రమణమ్మ.

సాక్ష్యానికి ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొచ్చింది. "రెండు చెక్కలూ కలిపి ఏడెకరాలండి. నా కళ్ళముందే పంచాడు" అన్నాడు మొదటాయన. రెండో ఆయన మూతి విరిచాడు. "ఎకరాలంటే ఉజ్జాయింపు లెక్క. నేను సెంట్లలో చెప్తా రాసుకోండి. రెండూ కలిపి ఏడొందల సెంట్లు!"

వాళ్ళు వెళ్ళగానే నేను ఉత్సాహం ఆపుకోలేకపోయాను. "తెలియనివి రెండు, మాటలు రెండు. ఇక లెక్క తేలిపోద్ది సార్!"

ఆయన నవ్వలేదు. పెన్సిలు నా వైపు జరిపి "తేల్చు" అన్నారు. అన్న వాటా ఎక్స్, తమ్ముడి వాటా వై అనుకున్నాను. మొదటి మాటను వందతో హెచ్చవేసి రెండో దాంట్లోంచి తీసేశాను. ఎడమపక్క అంతా పోయింది. కుడిపక్కా పోయింది. సున్నా సమానం సున్నా అని మిగిలింది.

"ఎక్కడో తప్పు చేశా సార్."

"తప్పేం లేదు. సున్నా సున్నాకి సమానం కాదంటావా? అది నిజమే, కానీ కొత్త సంగతేదీ చెప్పట్లేదు. ఇద్దరు సాక్షులు వచ్చారనుకున్నావు. ఒక్కడే చొక్కా మార్చుకుని రెండోసారి వచ్చాడమ్మా."

"అయితే జవాబు లేదా సార్?"

"లేకపోవటమేంటి! కావలసినన్ని ఉన్నాయి. రేపు చేలోకి రా, చూపిస్తా."

మర్నాడు కోటయ్యనూ రమణమ్మనూ అక్కడికే రమ్మన్నారు. చేనుకు ఒక కొసన తారురోడ్డు, మరో కొసన ఉమ్మడి బోరు. విశ్వనాథంగారు పంచె ఎగగట్టి రోడ్డు వైపు నుంచి మిరప మోళ్ళ మధ్య నడిచారు. "హద్దురాయి ఇక్కడేస్తే సాక్షులిద్దరి మాటా నిజమే." ఇంకో అడుగు. "ఇక్కడేసినా నిజమే. ఈ రెండడుగుల మధ్య ఎక్కడేసినా నిజమే." అనంతం అన్న మాట నేను పుస్తకాల్లో చాలాసార్లు చదివాను. అది నక్షత్రాల అవతల ఎక్కడో ఉంటుందనుకునేదాన్ని. ఆ పొద్దున అది నా చెప్పుల కింద, ఒక మోడుకీ పక్క మోడుకీ మధ్య ఉన్న నల్లమట్టిలో ఉంది.

"ఇదేం చోద్యమండీ! కోర్టు తేల్చదా?" అన్నాడు కోటయ్య.

"ఇప్పుడున్న సాక్ష్యంతో కోర్టుకీ ఇంతే కనపడుద్ది. తిరగటానికి ఓపికుంటే తిరుగు. అది సరే, మీ ఊళ్ళో అన్నదమ్ములు ఎట్టా పంచుకుంటారు?"

కోటయ్య చేను వైపు చూసి చెప్పాడు. "పెద్దోడు పంచాల. చిన్నోడు ముందు కోరుకోవాల."

"అయితే రాయి నువ్వెయ్యి. ఏ పక్క కావాలో మీ మరదలు చెప్పుద్ది. ఇద్దరికీ సమ్మతమైతే రాసుకుందాం."

ఇద్దరూ ఒప్పుకున్నారు. కోటయ్య రాయి భుజానికెత్తుకుని, ముందు తాను పట్టుబట్టిన చోటే దించాడు. మరదలి వైపు చూశాడు. పెద్ద ముక్క ఆమె కోరుకుంటే? మళ్ళీ ఎత్తాడు. రోడ్డు పక్క నేలకు విలువెక్కువ, బోరు పక్క నేలకు తడి ఎక్కువ. నాలుగడుగులు వెళ్ళి ఆగాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. లెక్కలేనన్ని జవాబుల మీదుగా ఒక మనిషి బరువు మోస్తూ నడవడం చూస్తున్నాను. చివరికి నడిమధ్య కాకుండా కాస్త రోడ్డు వైపుకి దించి, చెమట తుడుచుకున్నాడు.

"కోరుకోమ్మా. ఎటైనా నాకు బాధ లేదు."

"బోరు పక్క నాకు బావగారూ" అంది రమణమ్మ. కళ్ళు తుడుచుకుని నవ్వుతూ, "నీళ్ళకి మాత్రం నా చేలోంచే రావాల. గొడవ పెట్టుకోమాకండి" అంది. కోటయ్య కూడా నవ్వాడు.

తిరుగు బస్సులో విశ్వనాథంగారు అన్నారు: "మనకి కరువైన రెండో సమీకరణం అతని మనసులో ఉందమ్మాయ్, ఏ ముక్క వచ్చినా ఒకటే అనిపించే చోటు. దాన్ని మనం రాయలేం. అతనిచేత మోయించాం, అంతే."

ఆయన పోయి చాలాకాలమైంది. ఎవరైనా నాలుగు మాటలు చెబితే, వాటిలో నిజంగా వేరు వేరు మాటలెన్నో ఇప్పటికీ ముందు చూసుకుంటాను. లెక్క చివర సున్నా సమానం సున్నా వస్తే కొట్టివేయను, కాసేపు దాని ముందు కూర్చుంటాను. బస్సులో నందిగామ వైపు వెళుతుంటే పొలాలు చూస్తాను. ఇంకా ఎవరూ వేయని రాళ్ళు చేల నిండా కనిపిస్తాయి. ప్రతి ఒక్కటీ సరైన చోటే ఉంటుంది.