ఆకుపచ్చ గుడ్డ కింద ఇల్లు

డిజిటల్ ట్విన్ అన్న మాట నేను మొదటిసారి విన్నది మా గుమ్మంలోనే. మెడలో బ్యాడ్జీ వేలాడేసుకుని వచ్చిన టౌన్ ప్లానింగ్ అధికారి ఆ మాట అన్నాడు. మాది సినిమావాళ్ల బస్తీ కదా, మాకు అర్థమయ్యేలా చెప్పాలనుకున్నాడు కాబోలు, "మన హైదరాబాద్‌కి కంప్యూటర్లో డబుల్ రోల్ అన్నమాట మేడమ్" అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పటికే మా గోడ మీద పసుపు రంగు గీత గీయించాడు. వాన నీళ్లు పోయే కాలువను వెడల్పు చేస్తారట. గీత సరిగ్గా మా వంటింటి మధ్యలోంచి పోయింది. ఇక్కడ ఇల్లుంది, కనబడటం లేదా అని నిలదీశాను. చేతిలోని ట్యాబ్ నా వైపు తిప్పాడు. అందులో జూబ్లీహిల్స్ బంగళాలు ఒక్కటీ తప్పిపోకుండా ఉన్నాయి. వాటి ఈతకొలనులు కూడా ఉన్నాయి. కొండ దిగువన మా ఫిల్మ్‌నగర్ సందు ఉంది. సందు చివర, మా ఇల్లు ఉండాల్సిన చోట, గుబురుగా చెట్లున్నాయి.

"గ్రీన్ కవర్ అండీ. డ్రోన్ సర్వేలో అలాగే వచ్చింది. సిస్టమ్‌లో ఇక్కడ స్ట్రక్చర్ ఏమీ లేదు, అందుకే కాలువ ఇటు ఇచ్చాం" అన్నాడు.

"గీడ చెట్టెక్కడిది బిడ్డా? నేను కాపురానికొచ్చినకాంచి ఒక్క మొక్క సుత మొలువలే" అంది మా అత్తమ్మ మంచం మీద నుంచే.

మా ఆయన బయటికి వెళ్లి ఇంటికప్పు కేసి చూసి తల పట్టుకున్నాడు. ఆయనది సినిమాలకి సెట్టింగులు వేసే పని. నేను గుంపు సీన్లలో నిలబడేవాళ్లకి బట్టలు కుడతాను. మాది రేకుల ఇల్లు. ఎండాకాలం లోపల కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. అందుకని షూటింగుల్లో చిరిగిపోయిన గ్రీన్ మ్యాట్ గుడ్డ తెచ్చి రేకుల మీద కప్పి, ఎగిరిపోకుండా పాత టైర్లూ రాళ్లూ పెడతాం. మా బస్తీలో చాలామంది చేసే పనే. సినిమాలో ఆ గుడ్డ ముందు మనిషిని నిలబెడితే గుడ్డ మాయమవుతుంది, మనిషి మిగులుతాడు. వీళ్ల కంప్యూటర్లో గుడ్డ చెట్టయి కూర్చుంది, మేం మాయమయ్యాం.

సంగతి చెబితే అధికారి తేలిగ్గా తీసుకున్నాడు. గుడ్డ తీసేయండి, మళ్లీ డ్రోన్ ఎగరేస్తాం, ఇల్లు కనబడితే గీత మారుతుంది అన్నాడు. సరే కదా అని తీసేశాం. నడి వేసవి. అత్తమ్మకి తడిగుడ్డ వేస్తూ, కుట్టుమిషన్ వాకిట్లోకి లాక్కుని ఆ డ్రోన్ కోసం పడిగాపులు కాశాం. అది వచ్చిన రోజు అత్తమ్మ మంచం మీంచి ఎలాగో లేచొచ్చి, దానికి కనబడేలా వాకిట్లో నిలబడి చెయ్యి ఊపింది. పిచ్చి తల్లి.

తర్వాత వారం మా తలుపు మీద నోటీసు అంటించి వెళ్లారు. చెట్లు నరికేసి, అనుమతి లేకుండా కొత్తగా ఇల్లు కట్టామట.

నోటీసు పట్టుకుని మా ఆయనా నేనూ బంజారాహిల్స్‌లో వాళ్ల ఆఫీసుకి వెళ్లాం. గోడంత తెర. దాని ముందు అదే అధికారి. పాత బొమ్మ చూపించాడు, చెట్లు. కొత్త బొమ్మ చూపించాడు, ఎర్ర రంగులో మా ఇల్లు. "చేంజ్ డిటెక్షన్ అండీ, ఏం మారినా ఆటోమేటిగ్గా పట్టేస్తుంది" అన్నాడు, కన్నకొడుకు ఫస్టు ర్యాంకు తెచ్చినంత మురిపెంగా.

ఇంటిపన్ను రసీదులు తీసి అతని ముందు పడేశాను. కరెంటు బిల్లులూ పడేశాను.

"అవి వేరే డేటా మేడమ్. ట్విన్‌తో ఇంకా లింక్ కాలేదు."

"పన్ను గుంజేటప్పుడు కనబడిన ఇల్లు, కూలగొట్టేటప్పుడు కనబడదా? గుమ్మంలో నిలబడి మా అత్తమ్మతో మాట్లాడావు కదయ్యా, అప్పుడేం చూశావు? కళ్లా అవి, కాకరకాయలా?"

హాలంతా మా వైపు తిరిగింది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు జర ఆగు. సార్, ఇప్పుడేం జెయ్యాల్నో చెప్పుండ్రి."

అధికారి గొంతు తగ్గించాడు. మాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు ఖర్మ. "పాత సర్వే తప్పని నేను రాయలేనండీ. అది అప్రూవ్ అయిపోయింది, పైవాళ్లకి చూపించాం కూడా. చెట్లు మేమే తీసి ఇల్లు కట్టుకున్నామని మీరు రాసివ్వండి. అప్పుడు సిస్టమ్‌లో ఇల్లుగా ఎక్కుతుంది. ఇల్లుగా ఎక్కితే కాలువ పక్కకి జరుగుతుంది."

"రాయకపోతే?"

"సోమవారం మెషిన్ వస్తుంది."

రాయనని లేచి నిలబడ్డాను. మా ఆయన నా మొహం చూడకుండా నేల చూస్తున్నాడు. మంచం మీది మనిషిని తీసుకుని ఎక్కడికి పోతాం? మళ్లీ కూర్చున్నాను. ఏం చెట్లు నరికారో రాయాలన్నాడు. ఏం చెట్లున్నాయని రాయను అంటే, ఏవో ఒకటి రాసేయండి, ఖాళీగా ఉంటే సిస్టమ్ తీసుకోదు అన్నాడు. వేప అని రాశాను. కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టాను.

అతను ఏదో నొక్కాడు. మా ఇంటి మీద ఎరుపు పోయింది. కాలువ గీత నా కళ్లముందే పక్కకి జరిగి వెనకున్న ఖాళీ జాగాలోకి పోయింది. ఈ మాత్రం దానికా ఇన్నాళ్లూ మమ్మల్ని ఎండలో మాడ్చారు అనిపించింది. రసీదులు ఏరుకుని లేచాం.

తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి పిలిచాడు. "మేడమ్, ఇకనైనా చెట్లు కొట్టకండి."

ఎగతాళి చేస్తున్నాడేమోనని తిరిగి చూశాను. లేదు, మనస్ఫూర్తిగానే అన్నాడు.